నది అవతలి కాపురం

హలో… ఆ, నేనే. వెర్నాని. మీ అక్కని రా రస్, గొంతు కూడా మర్చిపోయావా?

… ఏం బాగు! కేసు పోయింది.

… ఏ కేసేంటి? ఆ విస్కీ కంపెనీ మీద వేసింది! పదేళ్లపాటు పీపాలన్నీ మన దగ్గరే కొంటామని సంతకం పెట్టి, నాలుగో ఏటే మాట తప్పారుగా—

… గెలిచాం! మూడేళ్లు కొట్లాడితే జూరీ మొత్తం మన వైపే చెప్పింది. ఇవాళ జడ్జిగారు ఆ కేసే ఫెడరల్ కోర్టులో చెల్లదని కొట్టేశారు. నోటికాడి కూడు. అంతా నీ పుణ్యమే.

… నువ్వేం చేశావా? నది దాటావు! ఇండియానాలో పుట్టినవాడివి, పోయి పోయి కెంటకీలో కాపురం పెట్టావు.

… నవ్వకు, ఒళ్లు మండుతోంది. రెండు పక్షాలూ వేరే వేరే రాష్ట్రాల వాళ్లయితేనే ఫెడరల్ కోర్టు వింటుందిట. వాళ్లది కెంటకీ. మనలాంటి సంస్థకి వాటాదారు ఏ రాష్ట్రంలో ఉంటే అదీ సొంత రాష్ట్రమేనట. నాన్న నీకు రాసిన పిసరంత వాటా ఉందే, దాంతో మన కార్ఖానా కూడా కెంటకీదే అయిపోయిందిట.

… వేయొచ్చు, రాష్ట్రం కోర్టులో, మళ్లీ అ ఆల దగ్గర్నుంచి. అందాకా కార్ఖానా ఉండొద్దూ? శుక్రవారం తలుపులు మూసేస్తున్నా. ఆర్విల్‌కి ఏం చెప్పను? నాన్న చేతికింద పని నేర్చినవాడు… ఇంకో పని రాదు వాడికి.

… కోర్టుకి నేనే రాసిచ్చాను. తమ్ముడు ఇండియానాలోనే ఉంటాడని ప్రమాణం చేసి మరీ. పాత ఇంట్లోనే ఉన్నావనుకున్నా.

… ఫోన్ చేశావులే. నేనే ఎత్తలేదు. నాన్న అంత్యక్రియల రోజు నువ్వన్న మాటకి— సరే, వదిలేయ్.

… వాళ్లకెలా తెలిసిందా? … అదీ…

… పేపర్లో పడిందిగా. రెండేళ్ల కిందట, నీ కొలీన్ పోయినప్పుడు నువ్వు వేయించిన ప్రకటన. ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని భర్తతో కెంటకీలోని లూయీవిల్ వచ్చి నాలుగేళ్లుగా అక్కడే ఉంటోందని రాయించావు చూడు… ఆ ముక్క కత్తిరించి కోర్టుకిచ్చారు వాళ్ల లాయర్లు.

… లేదు రస్. మరదలు పోయిందని నాకు ఆ కాగితం చూశాకే తెలిసింది.

… చూసి నెలైంది.

… తీర్పు వచ్చేదాకా నీతో మాట్లాడొద్దని మా లాయరు— కాదు. అబద్ధం. ఆయనేం అనలేదు. నేనే ఫోన్ చేయలేదు.

… మరి ఇవాళ ఎందుకా?

… కేసు పోయిందని రా. ఎవర్నో ఒకర్ని తిట్టాలని.

… రస్? … హలో? … పెట్టేశావా?