గోడ మీద చొక్కా

కాదండీ, నాకు తెలియక అడుగుతాను, కాగితాలు కరువయ్యాయా? కాన్వాసులు కరువయ్యాయా? నా స్టోర్ పై అరలో మూడు కట్టలు మూలుగుతున్నాయే, అడిగితే తీసివ్వనా? పోయి పోయి గోడ మీద గీస్తారా? అదీ బొగ్గుతో! చెయ్యి తగిలితే పోయే బొగ్గుతో!

పైగా కింద ఆ షరతొకటి. "చూడ్డానికి వచ్చిన ప్రతివారూ ఒక్కసారి, ఒక్క అరచేత్తో దీన్ని తుడవవచ్చు. అరవై రోజుల తరవాత మిగిలినదాని మీద తెల్లరంగు వేసెయ్యండి." ఎలా రాయబుద్ధేసిందండీ మీకు?

ఇదిగో, కూర్చున్నాను. మీ గోడ ఎదురుగా, బెంచీ మీద. ఈరోజు సోమవారం, మ్యూజియానికి సెలవు. హాల్లో నరపురుగు లేదు. రెండున్నర అయింది. మూడింటికి మేడ మీద క్లాసురూంలో మీటింగు. ఈ అరగంటలో మీతో ఒక సంగతి తేల్చుకోవాలి. ఎటూ మాట్లాడరు, కనీసం వినండి. బతికున్నప్పుడు నేను నోరు తెరిస్తే పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఇప్పుడా సౌకర్యం లేదు మీకు.

ఇరవై రెండేళ్లుగా ఈ కాలేజీ మ్యూజియం స్టోర్ చూస్తున్నాను. ఎన్ని బొమ్మలు దింపించాను, ఎన్ని ఎక్కించాను! గ్లవ్స్ లేకుండా ఒక్క ఫ్రేమైనా ముట్టుకున్నానా? క్యూరేటర్ కోర్సు పిల్లలు రాగానే వాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఏంటి? "చేతులు వెనక్కి పెట్టుకోండి." అలాంటిది, నా మొగుడై ఉండి, జనాన్ని పిలిచి మరీ చెయ్యి పెట్టి తుడవమంటారా! నా పరువు తీయడానికి కాకపోతే ఎందుకండీ?

సరే. గీశారు. మూడు వారాలు తలుపులు మూసుకుని గీశారు. నన్ను లోపలికి రానిచ్చారా? "ప్రారంభం రోజు అందరితోపాటు చూద్దువుగాని" అన్నారు. అదే మ్యూజియంలో పనిచేస్తూ, గేటు తాత చేత మీకు టీ పంపించుకున్నాను, పరాయిదానిలా. చివరికి ఆ ప్రారంభం రోజుకి మీరే లేరు. పదకొండు రోజుల ముందు వెళ్లిపోయారు. మీ డ్రాయింగు క్లాసు పిల్లలందరూ వచ్చారు, ఉపన్యాసాలిచ్చారు, నా చేత రిబ్బను కత్తిరించారు. నా చేతికి కత్తెరిస్తే ఎటు కత్తిరించాలో కూడా తెలియలేదు.

అప్పుడు చూశాను. మన ముందుగది. నిలువెత్తున మన ముందుగది! మీ కుర్చీ, కాలు విరిగితే తాడుతో కట్టిన బల్ల, కిటికీ, గోడ మేకుకి వేలాడుతూ మీ చొక్కా. వెనక గుమ్మంలో నేను, భుజాన తువ్వాలుతో. మీరు మాత్రం లేరు. ఎంత వెతికినా లేరు.

మర్నాడు పొద్దున క్యూరేటర్ కోర్సు పిల్లలొచ్చి చూస్తే గుమ్మంలో నేనూ లేను. మొదటి రోజు గుంపు కదా, ఎవరెవరి చేతులో పడి పోయాననుకున్నారు. వాళ్ల కోర్సు చూసే టేపు మేడమ్ అయితే దాని మీద గంటసేపు క్లాసు పీకింది. జేబులో కొలిచే టేపు లేనిదే గది దాటదని మీరు పెట్టిన పేరే, ఇప్పుడు అందరూ అదే అంటున్నారు, పుణ్యం మీకే దక్కాలి. "చూశారా, జనం మొదట మనిషినే ముట్టుకుంటారు, వస్తువుని కాదు" అంది. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. సరే, ఆ సంగతి తరవాత.

తొమ్మిదో రోజు చొక్కా చెయ్యి పోయింది.

ఒక పెద్దాయన. మర్యాదస్తుడే, టోపీ తీసి మరీ వచ్చాడు. అరచెయ్యి పెట్టి ఇలా కిందికి లాగాడు. కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. వేళ్లకి అంటిన నలుపుని రుమాలుతో తుడుచుకుని, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మీ చెయ్యి ఆయన జేబులో వెళ్లిపోయిందండీ! వెనకాలే పరుగెత్తి ఆ రుమాలు ఇమ్మని అడుగుదామా అనుకున్నాను. అడిగితే ఏమనుకుంటాడు?

ఆ సాయంత్రం హాలు మూశాక, స్టోర్ వైపు తలుపు తీసుకుని వచ్చాను. మీ బొగ్గు డబ్బా నా దగ్గరే ఉందిగా. మొదటి రోజు తీసిన ఫొటో ఫైల్లో ఉంది. పాత పోస్టర్ల వెనక పది సార్లు గీసి చూసుకున్నాను. మీకు గుర్తుందా, "నువ్వు గీసిన సున్నా కూడా కోపంగా ఉంటుందే" అని నవ్వేవారు. పదకొండోసారి గోడ మీద గీశాను. చొక్కా చెయ్యి నిలబడింది. నాకే ఆశ్చర్యం వేసింది.

ఇక అలవాటైపోయింది. పగలు వాళ్లు చెరపడం, సాయంత్రం నేను గీయడం. చొక్కా ఒక్కటే. కుర్చీ పోయింది, పోనిచ్చాను. బల్ల పోయింది. కిటికీ పోయింది. మన గది మొత్తం పొగలా కమ్ముకుపోయింది. చొక్కాని మాత్రం వదల్లేకపోయాను.

పిల్లలు కనిపెట్టరా మరి? రోజూ ఐదింటికి మూసేముందు వాళ్లలో ఒకరు మీ గోడని ఫొటో తీసి, ఈరోజు ఎక్కడ ఎంత చెరిగిందో రిపోర్టు రాసి, సంతకం పెట్టాలి. వాళ్ల శిక్షణలో అదో భాగం. నాలుగు రోజులకే గుసగుసలు మొదలయ్యాయి. "సార్ వస్తున్నారు. వచ్చి తన చొక్కా తనే గీసుకుంటున్నారు." తలుపు అవతల బొగ్గు గీకుతున్న చప్పుడు విన్నానని ఒకడన్నాడు. ఒకమ్మాయికి మీ దగ్గు వినపడిందట! ఆ దగ్గు నాదండీ, బొగ్గు పొడి గొంతులో పడి.

మొదట నవ్వొచ్చింది. తరవాత, నిజం చెప్పొద్దూ, సంతోషం వేసింది. మీరు వస్తున్నారని ఈ ఊళ్లో ఎవరో ఒకరు నమ్ముతున్నారు కదా అని. రెండు రోజులు నేనూ నమ్మాను. బొగ్గు పట్టుకున్న చెయ్యి నాదని తెలిసి కూడా, గీస్తూ గీస్తూ వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఎవరో నిలబడి తప్పులు పడుతున్నట్టు ఉండేది. "ఎందుకు అలా చూస్తారు, బాగా లేకపోతే మీరే గీసుకోండి" అని ఒకరోజు పైకే అనేశాను. నా గొంతు హాలంతా తిరిగొచ్చింది. ఆ రోజు బొగ్గు కింద పడేసి పారిపోయాను.

పిల్లలకి భయం పట్టుకుంది. సాయంత్రం డ్యూటీ అంటే చాలు, ఒకడికి తలనొప్పి, ఇంకొకడికి బస్సు టైము. ఎనిమిది మందిలో ఏడుగురు తప్పుకున్నారు. మిగిలింది ఒక్క పిచ్చుక. అదేనండీ, మీ క్లాసులో ముందు వరసలో కూర్చునే సన్నపిల్ల, నడవదు, గెంతుతుంది. అందరి వంతూ అదే చేసింది. పధ్నాలుగో రోజు నుంచి రిపోర్టుల నిండా దాని సంతకమే. హాలు తాళం దాని దగ్గరే. నేను లేపిన దయ్యం ఆ పిల్ల నెత్తిన కూర్చుందని అప్పుడు నాకు తట్టలేదు.

దానికి తెలిసిపోయింది. ఎలాగంటారా? నా తెలివితక్కువతనం వల్ల. మీరు గీసిన చొక్కాకి రెండో గుండీ లేదు. ఉండదుగా! "ఇదిగో కుడతా, అదిగో కుడతా" అని నేను నెల రోజులు తిప్పిన గుండీ. మీరు ఆ ఖాళీని కూడా వదలకుండా గీశారు, నలుగురికీ కనపడేలా. ముప్ఫయ్యో రోజు గుండీల వరస గీస్తున్నాను కదా, నా చెయ్యి ఊరుకుందా? ఖాళీ చూస్తే కుట్టే చెయ్యి. గుండీ పెట్టేసింది. నేను గమనించనే లేదు.

మర్నాడు పిచ్చుక స్టోర్‌కి వచ్చింది. నిచ్చెన కావాలంది. ఇచ్చాను. కదలదే! "ఆంటీ, సార్ చొక్కాకి రెండో గుండీ ఉండేదా?" అంది.

నేను నిచ్చెనని ఇంకాస్త దాని వైపు జరిపాను. అది నా వేళ్ల వైపు చూసింది. గోళ్ల సందుల్లో నలుపు. నిచ్చెన కూడా తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి పది నిమిషాలు ముందే హాలు మూసి ఇంటికి పోవడం మొదలుపెట్టింది. రిపోర్టులో "మార్పు సహజం" అని రాసి సంతకం పెట్టేది. ఎందుకు చేసిందంటారు? జాలా? నాకు తెలియదు. నేను అడగలేదు, అది చెప్పలేదు.

నిన్న టేపు మేడమ్ ఫైలు తిరగేసింది. ఈరోజు సెలవైనా అందర్నీ పిలిపించి, పొద్దున పదకొండింటికి ఫొటోలు వరసగా బల్ల మీద పరిచింది. సోమవారాలు పోను యాభై రెండు. చెయ్యి పోయిన చొక్కా, మర్నాడు చెయ్యి వచ్చిన చొక్కా. "ఎవరు దిద్దారు?" అంది. పిచ్చుకని నిలబెట్టింది. పోయిన కళాకారుడి మాట కాదని ఆయన బొమ్మని పాడు చేయడం కన్నా మన పనిలో పెద్ద తప్పు లేదంది. అందులో అబద్ధమేముంది?

ఆ పిల్ల "నేను గీయలేదు మేడమ్" అంది. "మరెవరు? తాళం నీ దగ్గరే ఉంది కదా?" అంటే నోరు విప్పలేదు. నేను టీ పళ్లెం పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నానండీ. కన్నెత్తి నావైపు చూడను కూడా లేదు. చూస్తే అందరికీ తెలిసిపోతుందని కాబోలు. నేనేం చేశాను? పళ్లెం బల్ల మీద పెట్టి వచ్చేశాను. మీ భార్య చేసిన ఘనకార్యం అది.

మూడింటి లోపల పేరు చెప్పకపోతే పిచ్చుకకి సర్టిఫికెట్ ఇవ్వరు. దాన్ని ఉద్యోగంలోకి రమ్మని వేరే ఊరి మ్యూజియం నుంచి ఉత్తరం కూడా వచ్చింది, నాకు చూపించి ఎంత గెంతులేసిందో! అదీ పోతుంది.

ఏంటి? వెళ్లి చెప్పెయ్యమంటారా? తెలుసండీ, తెలుసు. చెప్తాను. చెప్పాలనే వచ్చాను. ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు. మీ దగ్గరికి ముందెందుకు వచ్చానంటే, ఆ ఫొటోల్లో ఇంకోటి చూశాను.

మొదటి ఫొటోలో చొక్కా వదులుగా ఉంది. ఇప్పుడే విప్పి తగిలించినట్టు, ఇంకా ఒంటి వెచ్చదనం పోనట్టు. యాభై రెండో ఫొటోలో అట్టముక్కలా బిగుసుకుని ఉంది. మీది ఒక్క గీత లేదండీ అందులో. ఒక్కటీ లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. జనం చేతుల్లో మీరు కొంచెం కొంచెంగా పోయేవారు, మీరు కోరుకున్నట్టే. కాపాడతానని పూనుకుని నేను మిమ్మల్ని పూర్తిగా చెరిపేశాను. ఇన్నాళ్లూ పొద్దున్నే వచ్చి నేను పలకరించుకున్నది నా గీతల్నే.

ఇదంతా మేడ మీద చెప్తాను. ఇంకో సంగతి మాత్రం చెప్పను. అది మీకూ నాకూ మధ్యది.

గుమ్మంలో ఉన్న నన్ను జనం తుడవలేదండీ.

ప్రారంభం రోజు ఉపన్యాసాలయ్యాక అందరూ టీలకని వరండాలోకి వెళ్లారు. హాల్లో నేనూ, మీ గోడా. దగ్గరికి వెళ్లి చూశాను. గుమ్మంలో ఆవిడ మేకుకున్న చొక్కా వైపే చూస్తోంది. ఏడ్చి ఏడ్చి ఇక ఏడవలేక ఆగిపోయిన మొహం. ఎంత నిదానంగా గీశారు! అప్పటికి నాకు ఇంకా సరిగ్గా ఏడుపే రాలేదు. మీరు నా ఎదుట కూర్చుని భోజనం చేస్తూ, మీరు పోయాక నేనెలా ఉంటానో చూసి పెట్టుకున్నారన్నమాట.

ఆస్పత్రి కాగితాలు ఆ ముందు వారమే దొరికాయి, మీ పాత డ్రాయింగు పుస్తకంలో. తేదీ చూశాను. ఈ గోడ కావాలని మీరు మేడమ్‌ని అడిగిన రోజుకి నాలుగు రోజులు ముందు. నాకేమన్నారు? గ్యాస్ అన్నారు. వేడినీళ్లు తాగితే తగ్గుతుందన్నారు. నేను పిచ్చిదాన్ని, పూటపూటా కాచి పోశాను. గోడకి చెప్పుకున్నారు. ఇరవై ఆరేళ్లు మీతో కాపురం చేసినదానికి చెప్పలేదు.

ఒళ్లు మండిపోయింది. రెండు చేతులూ పెట్టాను. ఒక్కసారి కాదు. నుదుటి నుంచి పాదాల దాకా నన్ను నేనే తుడిచేసుకున్నాను. బాత్రూంలో మోచేతుల దాకా కడుక్కుని, బయటికొచ్చి, అందరితోపాటు టీ తాగాను. ఆ తరవాతే అర్థమైంది, ఆ గదిలో మీ చొక్కాని చూసుకునే మనిషి లేకుండా పోయిందని. అందుకే ఆ పని నేను పెట్టుకున్నాను.

మెట్ల మీద చప్పుడవుతోంది, పిల్లలు పైకి వెళ్తున్నారు. వెళ్లాలి.

చెప్పాల్సిందండీ నాకు. ఒక్క మాట చెప్పి ఉంటే, ఈ అరవై రోజులూ ఆ గుమ్మంలోనే నిలబడి ఉండేదాన్ని. ఎంతమంది వచ్చి చెయ్యి పెట్టినా కదిలేదాన్ని కాదు.