పలక జారదు

అలా గుమ్మంలో నిలబడి చేతులు నలపకు బావా. లోపలికొచ్చి తలుపు వెయ్యి. చలిగాలికి బంక గడ్డకట్టిపోతుంది. తోలు కాచి తీసిన బంక ఇది, నీ సంజాయిషీలు అయ్యేదాకా ఆగదు.

రేపు వెరూలం కోర్టులో నీ పేరు చెప్పొద్దంటావు, అంతేనా? అత్త పంపిందా, నీ అంతట నువ్వే వచ్చావా? సరే, వచ్చినవాడివి ఊరికే నిలబడ్డం ఎందుకు, సాయం పట్టు. ఇంగ్లీషులో మాత్రం మొదలెట్టకు. దక్షిణాఫ్రికాలోని ఈ ఒట్టావాలో మనకి తిట్టుకోడానికైనా తెలుగు మిగిలింది. దాన్ని వాడుకోనీ.

ఇదిగో, ఇది గిటారు మెడ. ఈ నల్లచెక్క పలక దీనిమీద అతికేది, ఫింగర్‌బోర్డు. వాయించేవాడి వేళ్ళు బతుకంతా నడిచేది దీనిమీదే. తడి బంక మీద బిగిస్తే పలక చేపలా జారుతుంది. వెంట్రుకవాసి జారినా శ్రుతి తప్పుతుంది. అందుకే మా నాన్న తల కత్తిరించిన చిన్న మేకులు మెట్ల కోతల్లో దించేవాడు. బంక ఆరాక పీకేస్తే ఆ కంతలు మెట్ల కింద దాగిపోతాయి. దించాను, చూశావుగా. నాకూ మోరిస్‌కీ ఈ పని నాన్న ఒకే బెంచి మీద నేర్పాడు. నాన్న పోయాక ఈ షెడ్డుని నిలబెట్టింది మోరిసే. అది నీకూ తెలుసు. ఆ సాయంత్రం కూడా తెలుసు.

ఏంటీ, పలక అంచున మెట్లు గుర్తుపట్టే చుక్కలు అటువైపు ఉన్నాయా? కన్ను మంచిదే. చెప్తాను. ముందు ఆ చివర బొటనవేలితో నొక్కిపెట్టు. ఇంకాస్త ఇటు. ఆ, ఈ పిడి తిప్పి బిగించే క్లాంపు కిందకి. కదపకు.

నల్లవాళ్ళకీ ఓటొచ్చిన ఆ మొదటి ఎన్నికల ముందు వారం అందరికీ భయమే, ఒప్పుకుంటాను. చెరుకుతోటల అవతల గుడిసెలు తగలబడుతుంటే ఎవరికి నిద్ర పట్టింది? కానీ భయపడ్డవాడు గడియ పెట్టుకుంటాడు. నువ్వు గస్తీ పేరుతో గొడ్డలి కామ పట్టుకుని వీధిలోకొచ్చావు. మోరిస్ సంచిలో గిటారుతో ఇంటికి పోతున్నాడు. నల్లవాడు, మన వీధి, చేతిలో సంచి. నీకు ఇంకేం సాక్ష్యం కావాలి? సావీని అడగండి అన్నాడట. ఆ సావీని, నేను, వెస్ట్‌విల్‌లో ఉన్నాను, డిబేటు పోటీ వేదిక మీద, క్షమ గురించి వాదిస్తూ.

అతన్ని మళ్ళీ ఈ షెడ్డులోకే ఈడ్చుకొచ్చారు. నీ స్నేహితులు వీపు మీద కూర్చున్నారు. బెంచికి బిగించిన ఈ ఇనప వైసు దవడల మధ్యే ఎడమచేతి వేళ్ళు పెట్టించి పిడి తిప్పింది నువ్వు.

"ఇప్పుడు వాయించు" అన్నావు.

ఆ చప్పుడు ఎండు చెరుకు విరిచినట్టుందని పక్కింటి మోరీన్ ఆంటీ గోడ అవతల విన్నది. నేనొచ్చేసరికి వైసు పళ్ళలో చర్మం ఇరుక్కుని ఉంది. ఇనప బ్రష్షుతో గీకింది నేనే బావా. నువ్వు స్నానం చేసి పడుకున్నావు.

తర్వాత ఓటు వరస గుర్తుందా? అత్తకి మడతకుర్చీ మోసుకొచ్చి ఎంత మర్యాదగా నిలబడ్డావు! నీ వెనకే మోరిస్. ఇదివరకే ఓటు సిరా పడిందేమో చూడ్డానికి చెయ్యి దీపం కింద పెట్టమంటే వాడు కుడిచెయ్యి పెట్టాడు. ఎడమది కట్టులో ఉంది. నువ్వు తల తిప్పుకున్నావు. నేను చూశాను.

చుక్కల సంగతి అదే. ఇకనుంచి వాడు తీగలు నొక్కేది కుడిచేత్తో. ఎడమచేతిలో బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి, మీటడానికి చాలు. చుక్కలు వాడి కంటికి ఎదురుగా ఉండాలిగా? నువ్వు తిప్పిన తిప్పుకి గిటారంతా తిరగబడింది.

వేలు లాగకు. పలక జారుతుందనా నీ భయం?

సాయం కావాలని అబద్ధం చెప్పాను బావా. మేకులున్నాయి. పలక జారదు. నీ వేలు అక్కడ అక్కర్లేదు.

చేతికి చెయ్యి అడిగేవాడు మృగమని ఆ వేదిక మీదే వాదించి కప్పు గెలిచాను. ఆ మాట అన్నప్పుడు పిడి నా చేతిలో లేదు. ఇప్పుడుంది. ఇదిగో, ఒక్క తిప్పు.

అరవకు, మోరీన్ ఆంటీ మళ్ళీ గోడ దగ్గరకొస్తుంది. విరగలేదులే. గోరు నల్లబడుతుంది, అంతే. ఇంకో తిప్పు తిప్పాలని ఎంత ఉందో నా చేతికే తెలుసు. ఇదిగో, వదులు చేశాను. తీసుకో.

నేను మాత్రం వాయించమని అనలేదు.

రేపు ఆ వేలు పట్టుకుని కోర్టుకి రా. నువ్వు చేసింది నేను చెప్తాను, నేను చేసింది నువ్వు చెప్పు. ఇవాళ నా బెంచి దగ్గరకి ఎందుకెళ్ళావని వాళ్ళు అడుగుతారు. దానికి జవాబు దారిలో ఆలోచించుకో.

వెళ్తూ తలుపు దగ్గరగా వెయ్యి. బంక ఇంకా ఆరలేదు.