నోరు తెరవని మహారాణి

రిటైరైన బస్సు డ్రైవరు గారు కబుర్లు మొదలుపెడితే వాటికి బ్రేకులుండవని వీధి వీధంతా అంటుంది. ఆ సాయంత్రం వరండాలో ఆయన ముందున్నది ఇద్దరే, పక్కింటి టైలరూ, ఎదురుగా సెలూన్ నడిపే ఆయనా. ఇద్దరైనా డ్రైవరు గారికి అది సభ కిందే లెక్క. కాకపోతే ఆ రోజు గొంతు ఖంగుమంటున్నా లోపల గుండె పీచుపీచుమంటోంది. ముందుగదిలో గాజు తొట్టె ఉంది, అందులో సిక్లిడ్లనే ఆఫ్రికా జాతి రంగు చేపలున్నాయి. వాటిలో ఆయన ప్రాణంగా చూసుకునే పసుపురంగు ఆడచేప, మహారాణి, చాలా రోజులుగా మేత ముట్టడం లేదు. ఉద్యోగం అయిపోయి, పొద్దుపోక, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న మనిషిని మళ్ళీ మనుషుల్లో పడేసింది ఆ చేపలే. మహారాణికి ఏమైనా అయితే ఆయన తట్టుకోలేరు. ఆ మాట పైకి చెప్పాలంటే మాత్రం నోరు రాదు. కోతలకైతే ఎప్పుడైనా వస్తుంది.

"మొదట్లో నేను చేసిందేముంది తమ్ముడూ, అరచేతిలో మేత పెట్టి నీళ్ళలో ముంచాను, వచ్చి తినేశాయి. అందులో గొప్పేం లేదు, ఎవరైనా చేస్తారు. కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసా? మగది ఉందే, గులకరాళ్ళన్నీ నోటితో మోసుకొచ్చి బస్టాండు కట్టింది!"

"ప్లాట్‌ఫారాలు కూడా ఉన్నాయా అన్నా?" అన్నాడు సెలూన్ ఆయన, నవ్వు ఆపుకుంటూ.

"లేకపోతే అవి ఎక్కడ ఆగుతాయయ్యా? నేను కుడిచెయ్యి ఊపితే కుడికి, ఎడమచెయ్యి ఊపితే ఎడమకి. అద్దం మీద రెండు తట్లు తడితే రివర్సు. ఒక్కటంటే ఒక్కటి వెనకదానికి తగిలితే ఒట్టు! మా డిపోలో కుర్రాళ్ళకి ఇప్పటికీ చేతకాదు. అది వదిలెయ్, ఒకరోజు హాల్లో టీవీ చూస్తున్నానా, వాటికి కనబడటం లేదట. అన్నీ కలిసి ఒకే వైపు అద్దాన్ని తోశాయి చూడూ, తొట్టె స్టాండుతో సహా గడప దాటి నా పక్కకొచ్చి ఆగింది!"

"నీళ్ళు ఒలకలేదా?" అన్నాడు టైలరు.

"నా దగ్గర ట్రైనింగ్ అయిన చేపలు! మలుపులో స్లో చెయ్యాలని తెలీదూ?"

టైలరు పడీపడీ నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని అడిగాడు. "అవునుగానీ అన్నా, మహారాణి ఎలా ఉంది?"

డ్రైవరు గారు ఓసారి ముందుగది వైపు చూసి మళ్ళీ అందుకున్నారు. "దాని సంగతి వేరు. మొన్న నాకు జ్వరమొచ్చిందా, నేను అన్నం మానేశానని అదీ మానేసింది. మిగతావాటిని కూడా తిననివ్వలేదు. వీధిలో కాకులు కూడా ఆ పూట ఏమీ ముట్టలేదంటే నమ్ము!"

"జ్వరం తగ్గిందిగా. మరి ఇంకా తినదేం?"

డ్రైవరు గారు జేబులోంచి మందు చుక్కలు వేసే డ్రాపర్ తీసి అటూ ఇటూ తిప్పారు. "అలిగింది. మొహం కూడా వాచిపోయింది పాపం. ఇప్పుడే వలతో పట్టి, అరచేతిలో పడుకోబెట్టి, దవడ తెరిచి ఈ మందు పోస్తాను. నేను తెరవమంటే తెరుస్తుంది." అంటూ లేచారు.

"ఆగండాగండి!" అంటూ ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి డ్రాపర్ లాక్కుంది. "మీకు జ్వరమెప్పుడొచ్చిందండీ? రోజూ రెండుసార్లు అడిగి వడ్డించుకున్నారుగా! అది మీ కోసం మానలేదు, అలగనూ లేదు. ఇప్పుడే అద్దానికి మొహం ఆనించి చూశా. దాని పెదాల సందులోంచి చిట్టిచిట్టి కళ్ళు కనబడ్డాయి. చేపల కొట్టతనికి ఫోన్ చేస్తే నవ్వాడు. ఈ రకం గుడ్లూ పిల్లలూ నోట్లోనే పెట్టుకుని సాకుతాయట, అన్నాళ్ళూ తిండి ముట్టవట. మీరు దవడ తెరిచుంటే పిల్లలన్నీ నేలపాలయ్యేవి."

"అన్నా, కాకులు మరి?" అన్నాడు సెలూన్ ఆయన.

డ్రైవరు గారికి అదేమీ వినబడలేదు. ముందుగదిలోకి పరుగెత్తి తొట్టె ముందు చతికిలబడ్డారు. మహారాణి రాయి పక్కన నిలబడి చూస్తోంది. కాసేపటికి నోరు కొంచెం తెరిచింది. నలుసంత పిల్ల ఒకటి బయటికొచ్చి, తోక ఆడించి, భయపడి మళ్ళీ అమ్మ నోట్లోకే దూరింది. డ్రైవరు గారి కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారాయి. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"అన్నా, పిల్లలెన్ని?" వరండాలోంచి టైలరు కేకేశాడు.

డ్రైవరు గారు కళ్ళు తుడుచుకున్నారు. "ఒక్కటి చూశానురా. ఒక్కటే."

వరండాలో సెలూన్ ఆయన గొంతు వినబడింది. "ఒక్కటేనట! మనం నమ్మేస్తామనుకుంటున్నాడు!"