మేస్త్రిగారి పెరట్లో రెండు కుర్చీల చోటు

మేస్త్రిగారు మన తోటపని సంస్థలో చేరింది పందొమ్మిది వందల తొంభై ఆరు జూన్ మూడో తేదీ, సోమవారం. నేను అంతకు రెండేళ్ళ ముందు నుంచే ఉన్నాను. వయసులో ఆయన నాకంటే చిన్న, పనిలో పెద్ద. అందరికంటే ఎక్కువ కాలం ఆయన పక్కన పనిచేసినవాణ్ణని, ఆయన పదవీ విరమణకు తెస్తున్న ఈ సంచికకు నన్ను రాయమన్నారు. రాస్తున్నాను గాని, ఆయన పని నాకు పూర్తిగా బోధపడిందో లేదో ఈనాటికీ తెలియదు.

ఆ రోజుల్లో ఇళ్ళ తోటలు చూడటమంటే ఊడ్వడం, కత్తిరించడం, పురుగుమందు కొట్టడం. ఆయన వచ్చిన మొదటి వారంలోనే, నేను ఊడ్చి గోనెసంచికెత్తిన ఎండుటాకులను తీసుకెళ్ళి గోడ మూల మళ్ళీ పోశారు.

"ఇదేం పనయ్యా?" అన్నాను.

"కప్పలుంటాయి కదా, వాటికీ ఇల్లు కావాలి."

"నిన్నడిగాయా?"

"ఊడ్వమని నిన్ను మాత్రం అడిగాయా?"



రెండు వేల నాలుగులో మేస్త్రి పదవి లభించిన పిదప, జీవకోటి పట్ల వారికి గల కరుణ సంస్థకే నియమమైంది. పురుగుమందు డబ్బాలు షెడ్డులోంచి వెళ్ళిపోయాయి. గడ్డిని నడుమ కోసి అంచుల్లో సీతాకోకచిలుకలకు వదలడం, ఎండుకొమ్మలను మూలన పేర్చడం, కంచె మొక్కలను కత్తిరించే ముందు పావుగంట చేతులు కట్టుకుని నిలబడి ఏ పిట్టయినా నోట పురుగుతో లోపలికి దూరుతుందేమో గమనించడం, ఇవన్నీ వారు ఓర్పుతో మాకు నేర్పినవే. ఆ పావుగంట చూసి ఒక ఇంజనీరుగారికి ఒళ్ళు మండింది.

"మీవాళ్ళు పనికొచ్చారా, నిలబడి కునుకు తీయడానికొచ్చారా?"

"కంచెలో కాపురం ఉందేమో చూస్తున్నామండీ," అన్నారు మేస్త్రిగారు.

"నా కంచెలో ఎవరి కాపురమయ్యా?"

"పిట్టలదండీ. మీకంటే ముందే దిగుంటాయి."

నవ్వాలో తిట్టాలో తెలియక ఇంజనీరుగారు లోపలికి వెళ్ళిపోయారు. నా పరిస్థితీ అదే. మరుసటి ఏడు ఆయనే గేటు దగ్గరికి ఎదురొచ్చి, గొంతు తగ్గించి, గూడు ఎక్కడుందో మాకు చూపించారు.

ఇక మొన్న మంగళవారం సంగతి. మేస్త్రిగారు పనిలో ఉండగా వారి ఇల్లాలు, ముందే విరమణ చేసి ఇంటిపట్టునున్న నన్ను పిలిపించారు. వాళ్ళ పెరట్లో అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. గోడ వెంట ఉండాల్సిన పొద దండెం దాకా వచ్చేసి, ఆరేసిన బట్టలను పట్టుకుంటోంది.

"అన్నయ్యా, దీన్ని కొట్టేయండి. ఆదివారం నుంచి ఆయన ఇంట్లోనే ఉంటారు. ఇద్దరం రెండు కుర్చీలేసుకుని కూర్చుందామంటే చోటేదీ? ఊరందరికీ తోటలు, నాకు మాత్రం అడవి. ఆయనకు చెప్పకండి, చెబితే కత్తెర పడనివ్వరు."

ఆమె అడిగింది న్యాయమే. సరేనన్నాను. అలవాటు కొద్దీ, కొట్టే ముందు నిలబడి చూశాను. పది నిమిషాలకు ఒక బూడిదరంగు పిట్ట నోట పురుగుతో వచ్చి పొదలోకి దూరింది.

"ఏమన్నయ్యా, మొదలుపెట్టరేం?"

"పిల్లలున్నాయమ్మా."

"ఎప్పుడు పోతాయి?"

"రెండు వారాలు పడుతుంది."

"ఆదివారం ఇంటికి జనం వస్తారన్నయ్యా!"

నేను పొదవైపు చూపించాను. ఆమె వచ్చి నా పక్కన నిలబడ్డారు. పిట్ట బయటికెళ్ళి ఇంకో పురుగుతో వచ్చింది. ఆమె చాలాసేపు చూశారు.

"ఊళ్ళో అందరినీ నిలబెట్టి చూపించాడు మహానుభావుడు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారి రమ్మన్నాడా?" అన్నారు.

అది కోపమో, మరొకటో నాకు తెలియలేదు. కత్తెర మడిచి వచ్చేశాను. కొడతానన్న మాట నిలబెట్టుకోలేదు. చెప్పొద్దన్నది ఇక్కడ రాసేశాను. చేసింది తప్పో ఒప్పో ఎంత ఆలోచించినా తేలడం లేదు. చెల్లెమ్మ క్షమించాలి.

మేస్త్రిగారూ, పిల్లలు ఎగిరిపోయాక ఆ పొదను మీ చేతులతో మీరే, రెండు కుర్చీలు పట్టేంత వెనక్కి కొట్టండి. అంతకు మించి వద్దు, తక్కువా వద్దు. ఈ రెండు వారాలూ రోజుకో పావుగంట చెల్లెమ్మను పిలిచి పక్కన నిలబెట్టుకోండి. తర్వాత ఆయురారోగ్యాలతో, కంటిచూపు తగ్గకుండా, మోకాళ్ళు పట్టకుండా, మీరిద్దరూ అక్కడ ఎన్నో ఏళ్ళు కూర్చోవాలని మనసారా కోరుకుంటున్నాను.