బసమ్మ పూటకూళ్ళ ఇల్లు ఇప్పుడు తెరిచే ఉంది

సుంకులమ్మ రొట్టె తట్టిందంటే తమలపాకంత పల్చగ వస్తాది. నేను చెప్పేది ఆయమ్మ సంగతే. కాలనీ మొగదల రేకుల కొట్టం ఉండాదే, అదే ఆయమ్మ మెస్సు. ఇప్పుడంటే కార్లు నిలబడతాండాయి గానీ, నాలుగేండ్ల కిందట ఆ కొట్టంలో ఈగలు తప్ప ఇంకెవురూ కూసునేటోళ్ళు కాదు. మొగుడు సచ్చిపోయి ఆరేండ్లాయ, ఇంకో ఆధారం ల్యా. పొద్దున్నే ఇరవై రొట్టెలు తడతాది, సాయంత్రానికి పదైదు తీసకపోయి బర్రెకు పెడతాది. ఆ బర్రె ఎంత బలిసిందో చూడాల మీరు. నవ్వుతావేం నాయినా, ఆయమ్మకు ఏడుపొస్తాండె అప్పట్లో.

ఇప్పుడు ఒక మాట చెప్పండి. మన కాలనీకి గవర్మెంటోళ్ళు పెట్టిన పేరేంది? చూసినారా, ఒక్కరి నోట్లోంచీ రాలా. మూడో నంబరు పునరావాస కాలనీ. సచ్చినా అనం మనం. ఏ ఊరంటే రేవులపాడు అంటాం. పెండ్లి కార్డులో రేవులపాడే, ఆస్పత్రి చీటీలో రేవులపాడే. డ్యాము కట్టి ఊరు నీళ్ళల్లో కలిసి నలభై ఏండ్లు దాటింది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే మొండిగోడలు కనపడతాయి, వానలొస్తే అవీ ఉండవు. అయినా మన నోరు మారలా. అది గుర్తు పెట్టుకోండి, కథంతా దాంట్లోనే ఉండాది.

ఏమైందంటే, ఆ యేడు మాఘమాసంలో షాషావలి అని ఒకాయన బండి పంచరై ఆ కొట్టంలోకి వచ్చినాడంట. ఆత్మకూరులో జిరాక్సు అంగడి ఉండె ఆయప్పకు. ఆ పని సన్నబడేసరికి హైదరాబాదు పోయి డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకోని వచ్చినాడు. అంటే ఏంది, నీ అంగడిని ఫోన్లో పదిమందికీ కనపడేటట్టు చేసే పని. మూడు రొట్టెలు తిన్నాడు, నాలుగోది అడిగి పెట్టించుకున్నాడు, తిని అన్నాడంట, అమ్మా, చేతిలో ఇంత రుచి పెట్టుకోని ఎవురికీ కనపడకుండా కూసున్నావే అని. రోడ్డు పక్కనే ఉండాను గదప్పా, ఇంకెట్ల కనపడాల అనింది ఈయమ్మ. రోడ్డు మీద కాదమ్మా, ఫోన్లో. ఆకలైనోడు ఈ పొద్దు రోడ్డు చూడడు, ఫోను తీసి జొన్నరొట్టె అని కొడతాడు. కొట్టంగానే మొదట నువ్వు కనపడాల. కనపడినాక, వచ్చేటోడు దోవ ఎతుక్కోగూడదు, లోపలికొచ్చినాక ఏం తినాలని ఆలోచన చేయగూడదు, తిన్నాక ల్యాచి పోవాలనే మనసు రాగూడదు. నా చదువంతా ఇంతే అన్నాడంట. ఎంత ముచ్చటగా చెప్పినాడో చూడండి. ఆ మాటలు ఆడ ఇంకెవురన్నా ఇన్నారేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

సరే, పేరేం పెడదామమ్మా అన్నాడు. సుంకులమ్మ రొట్టెలు అంటే ఎవురొస్తారు, పేరుకు ఒక పాతకాలం వాసన ఉండాల, మీ ఊర్లో పేరుమోసిన వంటమనిషి ఎవురన్నా ఉండిరా అని అడిగినాడు. ఇంగ ఈయమ్మ నోటికి వచ్చిన పేరు బసమ్మ. మీకు తెల్దు, నాకు తెల్సు. పాత రేవులపాడులో రేవు కాడ పూటకూళ్ళ ఇల్లు నడిపిన మనిషి. ఏరు దాటి వచ్చినోడెవడూ ఆయమ్మ రొట్టె తినకుండా ఊర్లోకి రాలేదు. మొగుడు లేడు, బిడ్డల్లేరు, తోడబుట్టినోళ్ళు లేరు. ఊరందరికీ అత్తే, ఎవురికీ ఏమీ కాదు. రూకల్లేవంటే మళ్ళా వచ్చినప్పుడు ఇయ్యిలే అనేది. షాషావలికి ఆ కథ బలే నచ్చింది. ఇంటికి పోయి తీరిగ్గా అంతా ఎక్కించినాడు. బసమ్మ పూటకూళ్ళ ఇల్లు. ఓనరు పేరు కూడా బసమ్మ, నమ్మకంగా ఉంటాదని. ఊరు? సుంకులమ్మ ఏం చెప్పింటాది, మనం అందరం చెప్పేదే చెప్పింది. రేవులపాడు, రేవు కాడ. ఆయప్ప బయటోడు, ఆయప్పకేం ఎరుక. అది కొట్టంగానే ఫోను మ్యాపులో దోవ చూపే గుర్తు పోయి యాడ పడాలనో ఆడ పడింది. ఇద్దరిలో ఒక్కరూ చూసుకోలా.

నెల గడిచింది, మూన్నెల్లు గడిచినాయి, కొట్టంలో అవే ఈగలు. షాషావలి మాత్రం సంబరపడతా ఫోను పట్టుకోని వచ్చినాడంట. అమ్మా, జొన్నరొట్టె అని కొడితే మొదట నువ్వే. అరవై మంది రాసినారు, అందరూ అయిదు నక్షత్రాలే. సుంకులమ్మ అనింది, నా కొట్టానికి నిన్నటి దినం వచ్చింది ఇద్దరు లారీ డ్రైవర్లు, వాళ్ళకు ఫోను నొక్కను కూడా రాదు, ఈ అరవై మంది ఎవురు నాయినా? ఆయప్ప చదివి ఇనిపించినాడు. ఒకడు రాసినాడంట, నోరు తెరిచి అడగకముందే పెట్టినారు అని. ఇంకొకాయమ్మ, బయట అంత ఎండ ఉంటే లోపల సల్లగ ఉండాది, లేవబుద్ధి కాలా అని. ఇంకొకడు, చేతులు కడుక్కోను నీళ్ళడిగితే ఆమె నవ్వింది అని, అంతే, ఎందుకు నవ్విందో రాయలా. అది ఇనంగానే సుంకులమ్మ పిండి ముద్ద పక్కన పెట్టేసి, ఆ మాట మళ్ళా చదవమనిందంట. మే నెల అది. నీళ్ళు తగ్గి పాత ఊరి గోడలు బయటపడిన కాలం.

షాషావలి నవ్వినాడు. ఎవడో ఊరికే రాస్తాండాడులే అమ్మా, పోటీ అంగడోళ్ళ పని, నేను పోయి తేల్చుకోని వస్తా అని ఫోన్లో దోవ పెట్టుకున్నాడు. ఫోనులో ఆడమనిషి చెప్తా పోయిందంట, ఎడమకు తిరుగు, నేరుగా పో, మళ్ళా ఎడమకు తిరుగు. తారురోడ్డు అయిపాయ, మట్టిదోవ అయిపాయ, ఎండి పర్రెలు పడిన నేల మీద బండి పోతాండాది, అయినా నేరుగా పో అంటాండాదంట. సాయంత్రానికి తిరిగొచ్చినాడు. ఏమైందప్పా అంటే బాగుండాదమ్మా అన్నాడు. ఎవురుండారాడ అంటే బాగుండాదమ్మా. ఏం తింటివి అంటే కడుపు నిమురుకుంటా, ఆడ అడగాల్సిన పనే ల్యా అన్నాడు. చెప్పుల నిండా తడి బురద అంట, ఆ బురద యాడిదో! వానచుక్క పడి మూన్నెల్లాయ అప్పటికి.

ఆ పొద్దు నుంచి ఆయప్ప కొట్టానికి రాలా. జూన్ పాయ, జూలై వచ్చింది. ఒక దినం పైటాల మాబున్నీ, షాషావలి పెండ్లాం, ఆటో దిగి ఏడ్సుకుంటా వచ్చింది. అమ్మా, నీ కాడేం మందు పెట్టినావు మా ఆయనకు? ఇంట్లో మెతుకు ముట్టడు, దినామూ పదకొండు కొడితే బండెక్కుతాడు, యాడికంటే బసమ్మ కాడికి అంటాడు, బట్టలు పిండితే చాపల వాసనొస్తాండాది అనింది. సుంకులమ్మ ఈ మాట ఇంటాంటే, అదే టైముకు మైకు ఆటో వచ్చింది. పైన గేట్లు ఎత్తినారు, సాయంత్రానికి నీళ్ళు నిండతాయి, ఏటి పక్కకు ఎవురూ పోగూడదు అని. పది దినాలాయ ఆయన నాతో ఇంకో మాట మాట్లాడి, ఆయన్ని నాకు తెచ్చియ్యమ్మా అని మాబున్నీ సుంకులమ్మ కాళ్ళు పట్టుకుంది. సుంకులమ్మ ఫోను తీసి, ఆ గుర్తు తీసేయాల, మూసినామని పెట్టాల అని నొక్కుతాండాది, నొక్కుతాండాది. ఓనరు మాత్రమే మార్చగలరు అని వస్తాండాదంట. ఓనరు ఎవురు? బసమ్మ. దాని కింద పచ్చగా రాసుండాదంట, ఇప్పుడు తెరిచే ఉంది అని.

సుంకులమ్మ పాత ఊరి రేవు దిక్కు పరిగెత్తింది. నేను అప్పుడు ఏటి కట్ట మీద ఉండా, నన్ను చెయ్యి పట్టి లాగింది, రా మామా అని. కట్ట దిగినా, నాలుగడుగులు ఏసినా, ఆ సద్దు ఇన్నా. టప్, టప్, టప్. రొట్టె తట్టే సద్దు. చుట్టూ మైలు దూరం మనిషి లేడు, మిట్టమధ్యానం, నీళ్ళు మెల్లగ గోడల్లోకి ఎక్కుతాండాయి, ఆ నీళ్ళ నడుమ నుంచి టప్, టప్. నేను ఎనక్కి తిరిగి మళ్ళా కట్ట ఎక్కేసినా. దాచేదేముంది, భయం. ఆయమ్మ నన్ను ఇడిసిపెట్టి మోకాటి లోతు నీళ్ళల్లో పోయింది. ఆడికి పోయినాక జరిగింది ఆయమ్మ చెప్పిందే, నేను చూసింది కాదు.

బసమ్మ ఇంటికి కప్పు లేదు, మొండిగోడలే. గోడల నడుమ పొయ్యి మండుతాండాదంట, నీళ్ళల్లోనే. షాషావలి బండ మీద కూసోని తింటాండాడు. నీళ్ళు నడుము కాడికి వచ్చినాయి, ఆయప్పకు తెల్దు. పళ్ళెం ఒక్కటే నీళ్ళ పైన ఉండాది. పొయ్యి కాడ బసమ్మ. అప్పుడెట్లుండెనో అట్లే, నలభై ఏండ్ల మనిషి, ఇప్పుడు సుంకులమ్మ కన్నా చిన్నది. సుంకులమ్మ ఆయప్ప రెక్క పట్టి లాగితే రాతిని లాగినట్టుండాదంట. బసమ్మ తల ఎత్తకుండానే, తిననీ మే, తినేటోణ్ణి నడిమధ్యన లేపగూడదు అనింది. ఆ గొంతు ఇనేసరికి సుంకులమ్మ ఏడేండ్ల పిల్లయిపోయింది. అత్తా, నేనత్తా, కుర్వ నాగన్న బిడ్డను అనింది. బసమ్మ అప్పుడు తల ఎత్తింది. మొగమంతా ఇప్పారిందంట. ఓ నువ్వా మే, ఎంత పెద్దదానివైనావే! అయితే లారీ వచ్చిందా?

ఈడ మీకు నేను ఒక సంగతి చెప్పాల. ఊరు ఖాళీ చేయించిన దినం ఆఖరి లారీలో సుంకులమ్మోళ్ళు ఉండిరి, నేనూ ఉంటి. జాగా లేదు. బసమ్మ పెనం మూట కట్టుకోని రేవు కాడ నిలబడుండె. మళ్ళా వస్తాంలే అత్తా అని లారీ మీద నుంచి కేకేసింది ఎవురో కాదు, ఏడేండ్ల సుంకులమ్మ, వాళ్ళమ్మ చెప్పమంటే. మొదటి లారీ వాళ్ళు రెండో దాంట్లో వచ్చిందనుకునిరి, రెండో దాంట్లో వాళ్ళు మూడో దాంట్లో అనుకునిరి, ఆఖరి దాంట్లో ఉండిన మేము ఇంకో లారీ పోతాదిలే అనుకుంటిమి. వారం దినాలకు గానీ బసమ్మ యాడ అని ఒక్కరూ అడగలా. నేనూ అడగలా. ఎవురి మనిషి కాదు గదా, ఎవురడుగుతారు. అప్పటికి నీళ్ళు నిండిపోయినాయి.

సుంకులమ్మ నోటి దాకా వచ్చిందంట, వచ్చిందత్తా, లారీ కట్ట మీద ఉండాది, లెయ్యి పోదాం అని. ఆ ఒక్క అబద్ధం ఆడితే పనైపోతాది. ఆడలేకపాయ. అది ఒగసారి ఆడిన అబద్ధమే గదా. నీళ్ళు ఎదురొమ్ముకు వచ్చినాయి, షాషావలి గడ్డం తడుస్తాండాది. అప్పుడు చెప్పేసింది. రాలేదత్తా. లారీ రాదు. మేమెవ్వరమూ రాలేదు, నిన్ను మర్సిపోయినాం. నీళ్ళొచ్చి నలభై ఏండ్లు దాటింది అని. ఏడుస్తా చెప్పింది.

తట్టే సద్దు నిలిచిపాయ. అది మాత్రం నేను కట్ట మీద నుంచి ఇన్నా. బసమ్మ కిందికి చూసుకుందంట, అప్పుడే మొదటిసారి నీళ్ళను చూసినట్టు. చేతుల పిండి ఆ నీళ్ళల్లో కడుక్కుంది. షాషావలి ముందర పళ్ళెం తీసేసింది. తీసి, కోపం లేకుండా అడిగిందంట, ఆ మాట అప్పుడే చెప్పింటే నడిచైనా వస్తుంటి గదే, ఎందుకు చెప్పలా మే? మీ కాడ ఉండాదా జవాబు? నా కాడా ల్యా. పొయ్యి ఆరిపోయింది, షాషావలి ఒక్కసారిగా దగ్గి నీళ్ళు కక్కినాడు, సుంకులమ్మ ఆయప్ప జుట్టు పట్టి ఈడ్సుకొచ్చింది. అప్పటికి కట్ట కాడికి చేరిన మాబున్నీ మొగుణ్ణి కావలించుకోని కొట్టింది, కొట్టి కావలించుకుంది. ఫోను చూస్తే శాశ్వతంగా మూసివేయబడింది అని వచ్చుండాది. ఎవురు మార్చినారు? ఓనరు మార్చింది, ఇంకెవురు.

తరవాత షాషావలి కొత్తగా పెట్టినాడు. సుంకులమ్మ రొట్టెలు. ఊరు అడిగితే ఆయమ్మ గట్టిగా ఊపిరి తీసుకోని, మూడో నంబరు పునరావాస కాలనీ అని చెప్పిందంట. మన కాలనీలో ఆ పేరు నోటితో అన్న మొదటి మనిషి ఆయమ్మే. ఆ పొద్దు నుంచే కార్లు రాబట్టినాయి. వచ్చినోళ్ళు చేతులు కడుక్కోను నీళ్ళడిగితే ఈయమ్మ నవ్వదు, బిందెతో తెచ్చి పోస్తాది.

మొన్న దసరా దాటినాక ఒకటి వచ్చింది చూడండి. మూడు నక్షత్రాలు. మూడే! ఎవురబ్బా అంత పిసినారి అని షాషావలి చదివినాడంట. చదివి ఫోను కింద పెట్టేసినాడు. దాంట్లో రాసుండేది ఇది: దోవ కనుక్కోని నడిచే వచ్చినా. రొట్టె మందం. కారంలో ఉప్పు చాల్లా. మళ్ళా వస్తా. కింద పేరు బసమ్మ. ఆ మాటకొస్తే ఆయమ్మ రొట్టెకు మన రొట్టె మందమే, దాంట్లో అబద్ధమేం ల్యా. మీరు పోతే తలుపు పక్కన ఉండే పీట మీద మాత్రం కూసోవాకండి. దాని ముందర పళ్ళెం పెట్టుంటాది. సుంకులమ్మ దినామూ దాంట్లో ముందుగా ఒక రొట్టె ఏస్తాది, చేతనైనంత పల్చగ తట్టి. మాపటికి అది ఉంటాదా ఉండదా అని మాత్రం నన్ను అడగొద్దండి. మనం వస్తామని చెప్పి పోలా, ఆయమ్మ వస్తానని చెప్పింది.