కబురు తెచ్చే పాత్ర

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో స్కూల్ నాటకం రిహార్సల్ అయ్యాక కూతుర్ని ఇంటికి తీసుకొస్తున్నాడాయన. ఈమధ్య కారులో ఏ మాట మొదలైనా పోట్లాటగానే ముగుస్తోంది.

"ఏంటే ఆ గ్రీకు నాటకం? మేకని బలిచ్చి పాడిన పాట నుంచి పుట్టిందట! మన జాతరలంటే నామోషీ, వాళ్లవైతే ఆర్టా?"

"ట్రాజెడీ అన్న గ్రీకు పేరుకి అర్థం మేకపాట. ఎందుకో ఎవరికీ షూర్‌గా తెలీదు. తెలియకపోతే మాట్లాడకు నాన్నా."

"నీ వేషం ఏంటో అది చెప్పు."

"మెసెంజర్. వాళ్ల నాటకాల్లో చావు స్టేజి మీద చూపించరు. లోపల చచ్చిపోతారు, నేను బయటికొచ్చి స్టేజి మీదుండే కోరస్ గుంపుకి చెప్తా."

"మూణ్ణెల్లు ప్రాక్టీస్ చేసింది చావు కబురు చెప్పడానికా?"

"అవును. నీకు అదీ చేతకాలేదు."

ఎర్ర సిగ్నల్ దగ్గర ఆయన కారు ఆపాడు.

"ఏం వాగుతున్నావ్?"

"పది రోజులుగా అమ్మ దీపం పెట్టట్లేదు. నువ్వు గడ్డం గీసుకోవట్లేదు. ఆఫీస్ పనని బెంటన్‌విల్ వెళ్లొచ్చావ్. అక్కడుండే పెదనాన్న నా ఒక్క మెసేజ్‌కీ రిప్లై ఇవ్వట్లేదు. నేను పిచ్చిదాన్నా?"

"శనివారం నీ షో అయిపోనీ, అన్నీ మాట్లాడదాం."

"ఆ షోకే పెదనాన్నకి ఫ్రంట్ రో సీటు బుక్ చేశా. వస్తాడా, రాడా? ఇప్పుడు మెసెంజర్ నువ్వే. నీ లైన్ చెప్పు!"

సిగ్నల్ పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టింది. ఆయన కదల్లేదు.

"ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమ్మా."

"ఇవ్వను. అది ఖాళీగానే ఉంటుంది. నువ్వు మాత్రం రాకు."