ఆసుపత్రి కొక్కేనికి వేలాడిన పలుపులు

గురవమ్మకి వీపు మీద రాచపుండు లేచింది. మామూలు గడ్డ కాదయ్యా, గుప్పెడంత. ఆ రోజుల్లో రాచపుండంటే ఇంక పాడెకి వెదురు చూసుకోవడమే అనేవాళ్లు. కొడుకు కోటిలింగం బండి కట్టి మిట్ట మీది ఆసుపత్రికి తోలుకెళ్లాడంట. పెద్ద ఆసుపత్రేం కాదు, ఒక డాక్టరమ్మ, ఎస్తేరమ్మని ఒక నర్సు, అంతే. డాక్టరమ్మ పుండు కోసింది, ఎస్తేరమ్మ పొద్దునా మాపునా కట్టు మార్చింది, గురవమ్మ బతికిందనుకో. బతికిందిగానీ, ఆ మంచం మీదున్నన్నాళ్లూ ఒకటే చూసిందంట. పక్క మంచంలో బాలింత, పచ్చి ఒంటిది, రోజూ గంజి తాగి గోడవైపు తిరిగి పడుకునేది. ఆసుపత్రిలో పాలు లేవు. కొట్టంలో పాడిగేదె, పెయ్యలు ఉన్నదాన్ని, నా పక్కన బాలింత గంజి తాగుద్దా అని గురవమ్మకి కంటి మీద కునుకు లేదంట.

ఇంటికొచ్చి ఏం చేసిందనుకున్నారు? ఈనిన గేదెకి పసుపు రాసి, తోలుకుపోయి ఆసుపత్రి గుమ్మానికి కట్టేసింది! డాక్టరమ్మ బయటికొచ్చి, ఇదేంది గురవమ్మా అంది. మొక్కుబడమ్మా అంది ఈమె. "నేను మనుషుల డాక్టర్నే. రేపు దీనికి కడుపుబ్బితే నేనేం చేసేది? మేతెవరు వేస్తారు, పాలెవరు పితుకుతారు?" ఎస్తేరమ్మ అప్పటికే నాలుగడుగులు వెనక్కి జరిగి, "నా వైపు చూడమాకండి, నేను చెయ్యేస్తే అది కాలేస్తది" అందంట. అప్పుడు డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "ఇస్తే సంతోషమే గురవమ్మా. కానీ బాలింతకి ఈ రోజు గ్లాసు చేతికిచ్చి, రేపు లేదనడం నా వల్ల కాదు. నువ్వుండగా సరే. నువ్వు లేకపోతే?" ఆ మాట ముల్లులాగా దిగింది. నేను లేకపోతే, నేను లేకపోతే అనుకుంటానే గేదెను వెనక్కి తోలుకొచ్చిందంట.

మన వైపు దూడని పెంపకానికి ఇవ్వడం మీకు తెలుసుగా. గేదె లేని ఇంటికి పెయ్యదూడని ఇస్తారు, వాళ్లు మేపుతారు, అది ఈనినాక ఇచ్చినోళ్లకి సగం, మేపినోళ్లకి సగం. గొడ్డు ఏ ఇంట ఉన్నా, దాని మెడకి మొదట కట్టిన తాడు, ఆ మొదటి పలుపు మాత్రం ఇచ్చినోళ్ల దూలానికే వేలాడాలి. పలుపు ఎవరిదో గొడ్డు వాళ్లది. గురవమ్మ ఏం చేసిందంటే, తన పెయ్యల్ని ఒక్కో ఇంటికి ఇస్తా, "నాకు సగం వద్దమ్మా. ఈనినాక పొద్దుటి పాలు ఆసుపత్రికి, మాపటి పాలు మీకు. మళ్లీ పెయ్య పుడితే ఇంకో ఇంటికి ఇదే మాట మీద ఇవ్వండి" అందంట. పలుపులన్నీ తీసుకుపోయి ఆసుపత్రి వంటగది కొక్కేనికి తగిలించింది. సొంత కొట్టంలో గేదెది కూడా! కోటిలింగానికి మండింది. "నా నోటికాడిది తీసి ఊరికి పెడతన్నావా అమ్మా" అన్నాడు. "నీ నోటికాడ మాపటి పాలున్నయిగా నాయనా" అంది. తొలిచూలు పెయ్యలు ఈని, పొద్దున్నే ఆడోళ్లు చెంబులతో మిట్ట ఎక్కతంటే కళ్లారా చూసుకుంది. అట్టా చూస్తా చూస్తానే పోయింది పాపం. పోయేముందు కూడా కొడుకు చెయ్యి పట్టుకుని, "పొద్దుటి గ్లాసు ఆపమాక" అన్నదంట.

కోటిలింగం చెడ్డోడని కాదయ్యా. బావి ఎండింది, చేను ఎండతంది, ఎవడికైనా ఏం తోస్తది? కొట్టంలో గేదెను సంతకి తోలాడు. కొనేవాడు పళ్లు చూశాడు, పొదుగు చూశాడు, అంతా అయినాక మొదటి పలుపేదన్నాడు. ఆసుపత్రిలో ఉందన్నాడు ఈయన. "గేదె నీ చేతిలో, పలుపు ఆసుపత్రిలోనా! అయితే నాకు అమ్మాల్సింది డాక్టరమ్మ గదయ్యా" అని నవ్వి వెళ్లిపోయాడంట.

కోటిలింగం తిన్నగా మిట్ట ఎక్కాడు. డాక్టరమ్మ అడ్డం చెప్పలేదు. "మీ అమ్మ ఇచ్చింది, నువ్వు అడుగుతున్నావు. తీసుకెళ్లు" అంది. వంటగదిలోకి పోయి చూస్తే ఏముంది, కొక్కేనికి గుత్తులు గుత్తులుగా పలుపులు, అన్నీ పొగచూరి ఒకటే నలుపు. తనది ఏది? పొరపాటున ఇంకో ఇంటి పలుపు తెస్తే ఆ ఇంటి పాడి లాక్కున్నట్టే, ఆ పాపం ఎవడు మోస్తాడు? అప్పుడే చెంబులు దించుతున్న ఆడోళ్లని అడిగాడు. "అత్తా, మీ మీ పలుపులు తీసుకోండి. మిగిలింది నాది."

వాళ్లలో శేషారత్నమని ఒక ముసలామె. మందలో దూడ అరిస్తే ఏ గేదెదో చెప్పే మనిషి. ఆ పలుపుల్లో సగం ఆమె పేనినవే. ఆమె కొక్కెం వంక చూసింది, కోటిలింగం వంక చూసింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పొగకి కళ్లు ఆనడంలా అబ్బాయా. నాకు తెలవదు" అంది. పక్కనామె నాకూ తెలవదంది. ఆ పక్కనామె, "మీ అమ్మకి తెలుసురా, ఉంటే చెప్పేది" అంది. కోటిలింగం అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. అమ్మ పోయిన రోజు కూడా ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడంట. ఎస్తేరమ్మ మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయింది. తెల్లారి ఆయనే చెంబు పట్టుకుని మిట్ట ఎక్కాడు.

మరి ఎండిన చేను సంగతేందంటారా? ఆ ఏడు ఎండింది. నేను కథ కోసం వాన కురిపించలేనుగా. గురవమ్మ ఏ కాగితమూ రాయలేదయ్యా. రాసుంటే, చదువుకున్నోడు ఎవడో ఒకడు దాంట్లో సందు చూసుండేవాడు. నలుగురాడోళ్లు కూడబలుక్కోకుండా తెలవదంటే, దాంట్లో సందు ఎవడికి దొరుకుద్ది?